ఒట్టు పెట్టిన చెయ్యి, ఇటలీ సీసా

నేను వంటమనిషిని. కర్నూల్లో ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా వండుతున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూచుంటే లేవడానికి గోడ కావాలి. అయినా పొయ్యి దగ్గర నిలబడితే ఉప్పు ఎంతో, కారం ఎంతో చెయ్యి దానంతటదే వేస్తుంది. ఆ చెయ్యి చేసిన ఒక పని గురించి ఇది రాస్తున్నాను. రాసేది కూడా ఆ చెయ్యే కాబట్టి దాని వైపు కొంచెం మొగ్గితే మొగ్గవచ్చు.

పోయినేడు ఎండలు ముదరకముందే మా ఇంటామెకు జ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తినలేకపోతే ముక్కులో గొట్టం వేసి పాలూ గంజీ ఎక్కించారు. ఇంటికి వచ్చేసరికి జ్వరం పోయింది, దాంతోపాటు నోరు కూడా పోయింది. నోరంటే మాట కాదు, రుచి. మాట బాగానే ఉంది, నన్ను తిట్టడానికి సరిపోయేంత.

ఏం పెట్టినా రెండు మెతుకులు. కొర్ర బువ్వ మెత్తగా వండి పెసరకట్టు పోసి ఇచ్చాను. జొన్న అంబలి మజ్జిగ కలిపి ఇచ్చాను. చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి నూరి, వేడి సంగటిలో గుంట చేసి నెయ్యి పోసి పెట్టాను. ఆ వాసనకు పక్కింటివాళ్లు కూడా ఏం వండావని అడిగారు. ఈమె మాత్రం పళ్లెం వైపు, ఇల్లు తప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేది. తర్వాత పక్కకు జరిపేది. నేను ఆ పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోతుంటే కాళ్లు ఇంకా బరువుగా ఉండేవి. వండింది ఎవరూ తినకపోతే వంటమనిషికి ఇంట్లో పనేముంది?

ప్రతి సోమవారం డాక్టరు దగ్గర బరువు చూడాలి. ఇంకో రెండు కిలోలు తగ్గితే మళ్లీ మంచమెక్కించి గొట్టం వేయక తప్పదని ఆయన చెప్పాడు. ఆ రోజు కారు దిగి, వసారా మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని నిలబడి ఆమె అన్న మాట ఇది.

“అవ్వా, ఆ గొట్టం ఇంకోసారి ఏస్తే నేను లేయను. చెప్తాండా, రాసి పెట్టుకో.”

నాకు రాయడం వచ్చని ఆమె ఎప్పుడూ అట్లా అంటుంది. ఆ రోజు మాత్రం ఎగతాళికి అనలేదు.

ఆమె పుట్టిల్లు కడప వైపు. అక్కడ వాళ్లకు చీనీ తోట ఉంది, కొన్ని ఊళ్లలో బత్తాయి అంటారే, అదే. తమ్ముడు జనాన్ని ఊళ్లూ దేశాలూ తిప్పే పెద్ద ఓడలో మందు గ్లాసులు కలిపి ఇచ్చే పని చేస్తాడు. ఆరునెలలు నీళ్ల మీద, రెండు నెలలు నేల మీద. అక్కకు బాగాలేదని విని సెలవు పెట్టుకుని వచ్చాడు. ఒక చేతిలో తోటలో కోసిన చీనీకాయల సంచి, ఇంకో చేతిలో పాత చొక్కాలో చుట్టిన ఒక సీసా.

చొక్కా విప్పి సీసా వంటింటి గట్టు మీద పెట్టాడు. లోపల ఉన్నది పెళ్లికూతురి కాళ్లకు పూసే పారాణి రంగులో ఉంది. అంత అందమైన రంగులో ఉన్నది మంచిది అయ్యుండదని నాకు అప్పుడే అనిపించింది.

ఇటలీలో నారింజ తొక్కలు, ఏవో వేళ్లు, ఆకులు సారాలో నానబెట్టి, చక్కెర వేసి దాన్ని చేస్తారట. మొదట తీపి, వెంటనే చేదు. అక్కడి జనం సాయంత్రం పొద్దు వాలేటప్పుడు, బువ్వకు ముందు కూచుని తాగుతారట. ఆ చేదు తగిలితే కడుపు లేచి కూచుని బువ్వేది అని అడుగుతుందట. డాక్టరును కూడా ఫోన్లో అడిగాడు. మాత్రలు అయిపోయాయి కదా, ఒక చిన్న కొలతకైతే ఏం కాదన్నాడట.

“మత్తుకు గాదవ్వా, ఆకలికి తాగుతారు,” అన్నాడు.

“మత్తుకు గాకుండా ఎవురు తాగుతారప్పా?” అన్నాను.

అతను నవ్వాడే గాని కోపం తెచ్చుకోలేదు. ఓడలో రోజూ వందమంది పెడసరం మాటలు విని అలవాటు పడ్డ మనిషి.

ఆ సాయంత్రం అతనే కలిపాడు. నేను గట్టు పక్కన నిలబడి చూశాను. వంట ఎవరు చేసినా చూడకుండా ఉండలేను. పెద్ద గాజు గ్లాసు తీసుకుని ముప్పాతిక వరకు ఐసు ముక్కలు వేశాడు. ఐసు తక్కువైతే తొందరగా కరిగి నీళ్లవుతుందట, ఎక్కువైతేనే నిలుస్తుందట. దగ్గు మందు సీసా మీది కొలత మూతతో ఆ పారాణి నీళ్లు రెండు మూతలు పోశాడు. అక్కడైతే దీన్ని బుడగలొచ్చే తెల్ల ద్రాక్ష సారాతో కలుపుతారట. అది మూడు వంతులు, ఇది రెండు వంతులు, సోడా ఒక వంతు. ఆ ద్రాక్ష సారా మన ఊళ్లో యాడ దొరుకుతుంది, దొరికినా జబ్బు మనిషికి అంత వద్దని, వట్టి సోడానే దీనికి మూడింతలు పోశాడు. సందు చివర అంగడి నుంచి తెచ్చిన గోలీ సోడా అది. పైనుంచి దబదబా పోయలేదు, గ్లాసును వంచి గోడ వెంబడి జారవిడిచాడు. చెంచాతో ఒక్కసారి తిప్పాడు. రెండోసారి తిప్పితే బుడగలు పోతాయన్నాడు. నారింజ బదులు చీనీకాయను అడ్డంగా కోసి ఒక చక్రం లోపలికి దించాడు. చిన్న తొక్క ముక్కను గ్లాసు మీద మెలిపెట్టి పిండాడు. కంటికి కనబడని నూనె ఏదో దాంట్లోంచి చిట్లి వంటిల్లంతా చీనీ తోట వాసన వచ్చింది.

ఆమె వసారాలో కుర్చీలో కూచుని అరగంట సేపు చప్పరించింది. పక్కన గిన్నెలో నాలుగు వేయించిన చెనిక్కాయలు. తర్వాత సంగటి ఐదు ముద్దలు తినింది. నేను లెక్కపెట్టాను. ఐదు.

తమ్ముడు నాలుగు రోజులు ఉన్నాడు. నాలుగు రోజులూ అతనే కలిపాడు, ఆమె నాలుగు రోజులూ తినింది. అయిదో రోజు అతను పోవాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. పోయేముందు కలిపే పద్ధతంతా పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో ఒక కాగితం మీద రాసి నా చేతికి ఇచ్చాడు. ఇంటాయన బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ చూసుకుని ఇంటికి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. సాయంత్రాలు ఇంట్లో ఉండేది ఆమే, నేనే.

నేను కాగితం తీసుకోలేదు. సారా గ్లాసు నేను ముట్టను, పోయను అని చెప్పాను. ఇది సారా కాదని, దీంట్లో ఉండే మత్తు శానా కొంచెమని అతను నచ్చజెప్పబోయాడు. చిన్న పామునైనా పెద్ద కట్టెతోనే కొట్టాలని మా ఊళ్లో అంటారని చెప్పాను. ఏమి అవ్వా ఇంత మొండిదానివి అని కాగితాన్ని ఫ్రిజ్జు తలుపుకు అంటించి పోయాడు.

నా మొండితనానికి కారణం ఉంది. చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు గాని, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా ఊరు కోయిలకుంట్ల పక్కన. నా మొగుడు నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. మంచివాడా చెడ్డవాడా అంటే, సాయంత్రం వరకు మంచివాడు. సారా లేనిదే చేతులు వణికేవి. వణికే చేతులతో పోసుకుంటే ఒలికిపోతుందని గ్లాసులో నా చేత పోయించుకునేవాడు. పోయకపోతే కొట్టేవాడు, పోస్తే తాగి కొట్టేవాడు. అందుకని పోసేదాన్ని, కనీసం ఒక దెబ్బ తగ్గుతుందని. ఒకరోజు గ్లాసు పెదాల దాకా ఎత్తలేకపోయాడు. అది కూడా నేనే పట్టి తాగించాను. తెల్లారి లేవలేదు. నలభై దాటలేదు అతనికి.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఊరి బడి వసారాలో ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చేనుపని అయ్యాక ఆ మట్టికాళ్లతోనే పోయేవాళ్లం. నలభై ఏళ్లు దగ్గర పడ్డాక పలక పట్టుకున్నాను. నేను కూడబలుక్కుని మొదట చదివిన రాత సారా అంగడి గోడ మీదిది. చదివాక అంతకాలం దాని ముందు నుంచి గుడ్డిదానిలా నడిచానని సిగ్గేసింది. ఆ పలకలు పట్టిన ఆడవాళ్లమే ఒకరోజు పోయి ఆ అంగడి ముందు కూచున్నాం. కూచోబోయే ముందు పలకలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద చేతులు పెట్టి ఒట్టు వేసుకున్నాం. మిగతావాళ్లు సారా మా ఊళ్లోకి రానివ్వం అన్నారు. నేను దానికి ఇంకో మాట కలిపాను. ఈ చేత్తో ఎవరికీ గ్లాసు పోయను అన్నాను. ఎందుకో అక్కడున్న ఆడవాళ్లకు తెలుసు. ఒకామె నా వీపు మీద చెయ్యి వేసింది. అంగడి మూతపడింది. తర్వాత వేరే పేర్లతో వేరే అంగళ్లు వచ్చాయి. అదంతా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు.

ఈ ఇంట్లో పనికి కుదిరిన రోజే ఈ సంగతి ఇంటామెకు చెప్పాను. ఇంటాయనకు విస్కీ అలవాటుంది. ఆయన గ్లాసు ఆయనే కడుక్కుంటాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను కడగమనలేదు.

తమ్ముడు పోయిన మొదటిరోజు ఇంటాయనే కలిపాడు. ఆయనది విస్కీ చెయ్యి. గ్లాసులో సగానికి పోసి, కుండలో నీళ్లు కలిపి, ఐసు లేదు, సోడా లేదు, ఎనిమిదిన్నరకు ఆమె చేతికి ఇచ్చాడు. ఒక గుటకకే ఆమె కక్కుకుంది. మరుసటి రోజు లారీ ఏదో ఆగిపోయి ఆయన రానేలేదు. ఆ తర్వాత ఆయనా అడగలేదు, ఆమె కూడా అడగలేదు. మళ్లీ రెండు మెతుకులు. సోమవారం బరువు చూస్తే ఒక కిలో తగ్గింది. ఇంక మిగిలింది ఒక్క కిలో.

ఆ మధ్యాహ్నం నేను ఒక ఉపాయం ఆలోచించాను. సారా కాచడం నేను చిన్నప్పుడు కళ్లారా చూసిందే. కుండ కింద మంట పెడితే ఆవిరై పైకి పోయేదే సారా. కుండలో మిగిలేది వట్టి పిప్పి నీళ్లు. అట్లయితే ఈ సీసాలోదాన్ని కాస్తే మత్తంతా ఆవిరై కిటికీలోంచి పోతుంది, మిగిలేది తొక్కల రసం, వేళ్ల రసం. అది కషాయమే. కషాయం పోయనని నేను ఒట్టు పెట్టుకోలేదు.

సీసాను వట్టి చేత్తో ముట్టకుండా, కాలిన గిన్నెను పట్టినట్టు మసిగుడ్డతో పట్టి వంచాను. ఒక పెద్ద గ్లాసెడు గిన్నెలో పోసి సన్న సెగ మీద పెట్టాను. జబ్బు మనిషికి కదా అని నాలుగు మిరియాలు, కొంచెం శొంఠి దంచి వేశాను. కాగేకొద్దీ చిక్కబడి పాకమైంది. ఆ తీపి ఘాటుకు నా కళ్లలో నీళ్లు కారాయి. వేడివేడిగా స్టీలు గ్లాసులో పోసి, ఊదుకుని తాగమ్మా అని ఇచ్చాను.

ఆమె నాలుక అంటించింది. మొహం ముడుచుకుపోయింది.

“అవ్వా, దీన్ని ఏం చేసినావు?”

చెప్పాను. ఆవిరి సంగతి, కుండ సంగతి, మసిగుడ్డ సంగతి కూడా. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, కుర్చీ చెయ్యి పట్టుకుని ముందుకు వంగిపోయింది. జ్వరం వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. కాని నవ్వు కడుపు నింపదు. ఆ రోజు కూడా రెండు మెతుకులే తినింది. సీసాలో మూడో వంతు నేను తగలబెట్టాను.

మరుసటి రోజు పొద్దు వాలేటప్పుడు ఆమె గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. జ్వరం తర్వాత వంటింటి గడప తొక్కడం అదే మొదటిసారి. గట్టును ఆనుకుని నిలబడి కొంచెం సేపు ఊపిరి తీసుకుంది.

“నువ్వు ముట్టొద్దులే అవ్వా. ఫ్రిజ్జు మీద ఉండాది గదా, అది చదువు. నేను పోసుకుంటా.”

చదవనని ఒట్టు లేదు. కళ్లజోడు పెట్టుకుని ఫ్రిజ్జు ముందు నిలబడ్డాను. పలక మీద నేర్చిన చదువుతో సారా కలిపే పద్ధతి చదవాల్సి వస్తుందని ఆ రోజు ఎవరైనా చెప్పుంటే చెప్పుతో కొట్టేదాన్ని. పెద్ద గ్లాసు అని చదివాను. ఆమె తీసింది. ముప్పాతిక ఐసు అని చదివాను. ఒక్కొక్క ముక్కా వేసింది, రెండు కిందపడ్డాయి. సీసా మందు, కొలత మూతతో రెండు అని చదివాను.

ఆమె సీసా ఎత్తింది. గాజులు జారి మోచేతి దగ్గరికి పోయాయి. అంత సన్నమైపోయింది చెయ్యి. సీసా మూతి గ్లాసు అంచుకు తగిలి టకటకమంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కింద రోజూ విన్నదే. ఆ చప్పుడు వినబడితే నేను యాడున్నా లేచి వచ్చేదాన్ని.

ఇప్పుడు కూడా వచ్చాను. సీసా ఆమె చేతిలోంచి జారుతోంది, నా చెయ్యి పోయి పట్టుకుంది. మసిగుడ్డ లేదు. పట్టుకుని కింద పెట్టి ఉండొచ్చు. పగలకుండా ఆపడం వేరు, పోయడం వేరు, ఆ మాత్రం తేడా నాకు తెలుసు. నేను కింద పెట్టలేదు. మూతలోకి వంచాను. ఒకటి. గ్లాసులో పోశాను. రెండు. అదీ పోశాను.

ఆమె నా వైపు చూసింది. గోలీ సోడా నా దగ్గరికి జరిపింది. బొటనవేలితో గోలీ లోపలికి నొక్కాను, బుస్సుమంది. గ్లాసును వంచి గోడ వెంబడి పోశాను. ఒక్కసారి తిప్పాను. చీనీకాయ చక్రం దించాను. తొక్క మెలిపెట్టి పిండాను. కాగితం వైపు మళ్లీ చూడలేదు. అవసరం లేకపోయింది.

వసారాలో ఆమె కుర్చీలో కూచుంది. నేను గడప మీద కూచున్నాను, లేచేటప్పుడు చూసుకుందాంలే అని. ఆమె ఒక్కొక్క గుక్కా మింగుతుంటే నేను గొంతు వైపే చూస్తున్నాను. నా చేతి గ్లాసు తాగిన ఒకే ఒక మనిషి తెల్లారి లేవలేదు. ఆ మాట ఆమెకు తెలుసు. నేను ఆపుకోలేక అడిగాను.

“ఇది తాగి నీకేమన్నా అయితే?”

“ఏమన్నా అయితే గొట్టం తప్పుతుంది గదా.”

“నోరు మూసుకో తల్లీ,” అన్నాను. ఆమెను నేను అట్లా ఎప్పుడూ అనలేదు.

ఆమె మెల్లగా నవ్వింది. గ్లాసు అడుగున ఉన్న చీనీ చక్రాన్ని వేలితో తీసి నమిలింది, తొక్కతో సహా. చేదుగా లేదా అని అడిగితే, ఉందనీ, తెలుస్తోందనీ చెప్పింది. ఇన్నాళ్లూ ఏది తిన్నా గడ్డి తిన్నట్టు ఉండేదట. కొంచెం సేపటికి ఏం వండావని అడిగింది. సంగటి, ఊరిమిండి అన్నాను. ఉల్లిపాయ కోసి పెట్టమంది.

ఆరు ముద్దలు తినింది.

ఆ రోజు నేను పడుకోలేదు. నిద్ర రాకపోవడం ఈ వయసులో వింత కాదు గాని, ఆ రోజు కావాలనే పడుకోలేదు. ఎన్నిసార్లు లేచి ఆమె గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి విన్నానో తెలీదు. ఇంటాయన ఒకసారి బయటికి వచ్చి, ఏమవ్వా అని అడిగి, నా మొహం చూసి లోపలికి పోయాడు.

సీసా అడుగంటే వరకు రోజూ సాయంత్రం నేనే కలిపాను. రోజుకు ఒకటే, రెండోది లేదు. సోమవారం బరువు తగ్గలేదు. ఆ పై సోమవారం కూడా తగ్గలేదు, పెరగనూ లేదు. మూడో సోమవారం అరకిలో పెరిగింది. డాక్టరు గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. సీసాలోది పనిచేసిందా, బువ్వకు ముందు అరగంట ఇద్దరం వసారాలో కూచోవడం పనిచేసిందా నాకు తెలీదు. రెండూ ఒకేసారి మొదలయ్యాయి. తమ్ముడు ఓడ నుంచి ఫోన్ చేసి ఇంకో సీసా పంపాలా అని అడిగాడు. వద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఇప్పుడు సాయంత్రం వట్టి సోడాలో చీనీకాయ పిండి ఇస్తున్నాను. తింటోంది.

నా ఒట్టు తప్పింది. చెయ్యి దానంతటదే పోయిందని చెప్పుకోవచ్చు గాని, మొదటి మూతకు మాత్రమే ఆ మాట చెల్లుతుంది. రెండో మూత నేను తెలిసే పోశాను. ఆ బడి వసారాలో పలకల మీద చేతులు పెట్టిన వాళ్లలో ఎంతమంది బతికున్నారో నాకు తెలీదు. ఉన్నవాళ్లకు నాలాగే చదవడం వచ్చు. ఎవరికైనా ఇది దొరికితే చదువుతారని రాస్తున్నాను, తిట్టాలనుకుంటే తిట్టండి. నా వీపు మీద చెయ్యి వేసిన ఆమె ఉంటే, ఆమెకు ఇంకొక్క మాట చెప్పాలి. నేను మొదటిసారి పోసిన మరుసటి రోజు తెల్లారి వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతూ నిలబడ్డాను. ఎవరి కోసమో తెలీకుండానే నానబెడుతున్నాను. వెనక గోడ పట్టుకుని నడిచే చప్పుడు వినబడింది. ఇంటామె లేచి వచ్చింది. ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు తక్కువ వెయ్యమని చెప్పింది.